దాస్తున్నారా, పెంచుతున్నారా? ముందు అది తేల్చండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "స్వైన్ ఫ్లూ అసలు రహస్యం" అని మొదలై "పది మందికి పంపండి" అని ముగిసే మెసేజ్. ఈసారి పంపింది మా బాబాయ్. "నిజమా కాదా చూశావా?" అంటే "ఏమోరా, మంచిదేగా" అన్నాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

కర్పూరం, యాలకులు మూటగట్టి మెళ్లో వేసుకుంటే వైరస్ దరి చేరదట. బీరువాలో పెట్టుకోండి, బట్టలకు మంచిది.

స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకిన 2009లో, నిజం దాయడానికే జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేసుల లెక్కలు ఆపించిందట. ఆపమన్నది ప్రతి కేసునూ టెస్టు చేసి లెక్కించడం. మేలో దేశంలోని మొదటి కేసు హైదరాబాద్‌లో తేలినప్పుడు ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవడంలో అర్థముంది. ఊరంతా దగ్గుతుంటే అందరికీ టెస్టులు చేయడానికి ల్యాబులు చాలవు. అప్పుడిక మెతుకు పట్టి చూడాల్సిందే: కొన్ని ఆసుపత్రులను ఎంచుకుని, అక్కడికొచ్చే జ్వరం, దగ్గు కేసుల్లో కొందరి శాంపిళ్లు తీస్తారు.

అప్పుడు ప్రపంచం మొత్తమ్మీద పోయింది 18 వేల మందేనట. ఆ 18,449 ల్యాబులో తేలినవి మాత్రమే. టెస్టు లేకుండా పోయినవాళ్లనూ కలిపి 2012లో వేసిన అంచనా లక్షన్నర నుంచి ఐదు లక్షల 75 వేలు.

ఇక అసలు విషం: "శాంపిల్ ఇవ్వకండి, పాజిటివ్ రాసి అంకెలు పెంచుతారు. ఆయాసం వచ్చినా ఇంట్లోనే ఉండండి." రెండో పాయింట్‌లో అంకెలు దాస్తున్నారు, ఇక్కడ పెంచుతున్నారు! రాసినాయన తన మెసేజ్ తానే చదివినట్టు లేదు. మామూలు జలుబు, జ్వరానికి టెస్టే అక్కర్లేదని కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. బాబాయ్‌లా షుగర్ ఉండి 65 దాటినవాళ్లకైతే టెస్టు కోసం ఆగకుండా డాక్టరు టామిఫ్లూ అనే ఫ్లూ మందు మొదలుపెట్టవచ్చు. మొదటి రెండు రోజుల్లో పడితేనే అది బాగా పనిచేస్తుంది. ఆయాసం వచ్చాక మాత్రం ఆసుపత్రికి వెళ్లాల్సిందే, టెస్టు చేయాల్సిందే. ఇంట్లో కూర్చోమని చెప్పేవాడు ఆ రెండు రోజులూ తెచ్చిస్తాడా? 2015లో ప్రభుత్వ లెక్క ప్రకారమే మన దేశంలో 2,990 మంది పోయారు.

ఆ శాంపిల్ ఏమవుతుందంటారా? పుల్లతో తీసి, చిన్న ట్యూబులో వేసి, ఐస్ ప్యాకుల పెట్టెలో ల్యాబుకు పంపుతారు. వైరస్ మారిందా, టామిఫ్లూకి లొంగుతోందా చూసేది అందులోంచే. ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో ఫ్లూ వ్యాక్సిన్‌లో ఏ వైరస్ రకాలుండాలో తేల్చేదీ ఇలాంటి శాంపిళ్లతోనే.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఇదంతా మందుల కంపెనీల లాభం కోసమేనని మెసేజ్‌లో ఉన్న అనుమానం గాలిలోంచి పుట్టలేదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సలహాలిచ్చిన అత్యవసర కమిటీలో ఎవరున్నారో అప్పట్లో బయటపెట్టలేదు. కొందరు సలహాదారులకు కంపెనీలతో ఉన్న సంబంధాలను 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటికి లాగింది. ఆ ప్రశ్న అడగాల్సిందే, నేనూ అడుగుతా.

ఇదంతా బాబాయ్‌కి పంపాను. "పొడుగ్గా ఉందిరా, ఆ యాలకుల సంగతి ఒక్కటీ మళ్లీ చెప్పు" అన్నాడు.