గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి?

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకని పెద్దలు ఊరికే అనలేదు. ఈ మాటను అక్షరాలా ఆచరించి చూపించినవాళ్లు బాడీ హారర్ సినిమాల, అంటే మనిషి ఒళ్లే ఊడిపోతూ, మారిపోతూ భయపెట్టే సినిమాల దర్శకులు. బాధిత ప్రేక్షకుడిగా నా అభ్యంతరాన్ని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

గొడ్డలితో నాకు ఏనాడూ పేచీ లేదు. హీరో వరసపెట్టి పదిమందిని నరుకుతుంటే ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకుంటూ కూర్చుంటాను. కానీ 1986 నాటి 'ది ఫ్లై'లో సైంటిస్టు బాత్రూమ్ అద్దం ముందు నిలబడి గోరు కొరుక్కుంటాడు. ఆ గోరు కాస్తా ఊడి చేతికొస్తుంది. వేలి కొస నొక్కి చూస్తాడు. లోపల్నించి ఏదో చివ్వున చిమ్మి అద్దం మీద పడుతుంది. అంతే సంగతి. ఆ రాత్రి నా గోళ్లు పదీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

నన్నెవరూ గొడ్డలితో నరకలేదు కాబట్టి ఆ బాధ నా ఒంటికి తెలీదు. లేచిన గోరు దుప్పటి దారానికి పట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం ప్రతి వేలికీ తెలుసు. దర్శకుడు మన అనుభవాన్నే అప్పు తీసుకుని మన మీదే ప్రయోగిస్తాడు. ఇది అన్యాయం కాదా?

దెయ్యాలు ఎంతో మర్యాదస్తులు. ఒక పాత బంగళా చూసుకుని అందులోనే పడుంటాయి. మనం ఖాళీ చేసి వెళ్లిపోతే గొడవ వదిలిపోతుంది. ఒళ్లు ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? ఆ సైంటిస్టూ ఎక్కడికీ పోడు. రాలిపోయిన తన ముక్కల్ని మందుల అలమరలో మ్యూజియంలా దాచుకుంటాడు. చెవి ఊడినా సర్దుకుపోయే ఆ గుణం చూసి నేను మరింత జడుసుకున్నాను. ఎందుకంటే అది నాలోనూ ఉంది.

జపాన్ రోబో నిపుణుడు మసాహిరో మోరి 1970లోనే చెప్పాడు. బొమ్మకి మనిషి పోలికలు పెరిగేకొద్దీ మనకి ముచ్చటేస్తుంది, దాదాపు మనిషే అనిపించే దగ్గర మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. 1982 నాటి 'ది థింగ్'లో ఒక తల మొండెం నుంచి విడిపోయి, కాళ్లు మొలిపించుకుని సాలీడులా నడిచిపోతుంది. మామూలు సాలీడైతే చీపురందుకుంటాం. మొహం ఉన్నదాన్ని పలకరించాలా, కొట్టాలా?

అవార్డులిచ్చేవాళ్లు కూడా అటే. 'ది ఫ్లై'కి మేకప్ ఆస్కార్ ఇచ్చారు. 2024 నాటి 'ది సబ్‌స్టెన్స్'కీ అదే. అందులో వయసు మళ్లిన నటి యవ్వనం కోసం ఇంజక్షన్ చేసుకుంటే, వీపు చీల్చుకుని ఇంకో మనిషి బయటికొస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతని రెండు గంటలకు పైగా చూపించారన్నమాట.

ఆ మాటకొస్తే మనమేం తక్కువ తిన్నాం? మన కళ్లు నెత్తికెక్కుతాయి. గుండె జారిపోతుంది. కడుపు తరుక్కుపోతుంది. ఇవన్నీ రోజూ నోటికొచ్చినట్టు అనేసి హాయిగా నిద్రపోతాం. ఎవడో మన మాట నమ్మి రబ్బరుతో చేసి చూపిస్తే మాత్రం మొహం తిప్పేసుకుని, వేళ్ల సందుల్లోంచి చూస్తాం.

వేళ్లంటే గుర్తొచ్చింది. గోళ్లు బాగా పెరిగాయి, కత్తిరించుకోమని ఇంట్లో ఒకటే పోరు. ఇంకో వారం ఆగమన్నాను.