రంగుల పేరు చెప్పి అడ్వాన్స్‌లో కోత

కూకట్‌పల్లిలో ఇల్లు ఖాళీ చేశాం. అద్దె 18,000, అడ్వాన్స్ రెండు నెలలది, అంటే 36,000. తిరిగి చేతికొచ్చింది 15,500. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె, క్లీనింగ్‌కి 2,500 పట్టుకున్నారు. అగ్రిమెంటులో పెయింటింగ్ మాటే లేదు కదండీ అంటే, "హైదరాబాద్‌లో ఎక్కడైనా ఇంతేనమ్మా" అన్నారు ఓనర్.

నా కోపమంతా ఈ మాట మీదే. మూడేళ్ళు కాపురమున్న ఇంట్లో గోడలు మాయకుండా ఉంటాయా? అందుకేగా నెలనెలా అద్దె కట్టింది!

బెడ్‌రూమ్ కిటికీ కింద గోడ చెమ్మకి ఉబ్బి, వేలు తగిలితే చాలు పెచ్చులు రాలేవి. బయట గోడకున్న పగుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయని వానాకాలం వచ్చినప్పుడల్లా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాను. "ఎండలు రానివ్వండి, చూద్దాం" అనేవారు. చివరికి అదే గోడ చూపించి "ఎలా పాడు చేశారో చూడండి" అన్నారు. తీరా రంగులు హాల్ వరకే వేయించారని వాచ్‌మన్ చెప్పాడు.

కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఇళ్ళకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు, ఇల్లు అప్పగించేటప్పుడే బాకీలు మినహాయించుకుని మిగతాది ఇచ్చేయాలి. ఏ రిపేరు ఎవరిదో కూడా అందులో రాసి ఉంది. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, తాళాలు అద్దెకున్నవాళ్ళవి. గోడలకి సున్నం, తలుపులకి, కిటికీలకి రంగులు ఓనర్‌వి. కానీ రాష్ట్రం ఒప్పుకుని సొంత చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. తెలంగాణలో ఉన్నది 1960 నాటి చట్టం. అదీ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే వర్తించదు. ఈ ఊళ్ళో ఆ అద్దెకి ఇల్లెక్కడుంది? ఇక మిగిలింది అగ్రిమెంటు కాగితం, సివిల్ కోర్టు. ఇరవై వేల కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారులే అన్నదే ఓనర్ల ధీమా. కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టి, సామాన్ల బండికి ఇచ్చి, చేతిలో డబ్బు ఆడక ఇచ్చినంత తీసుకుని పోయేవాళ్ళే ఎక్కువ.

కరెంటు బిల్లు బాకీ ఉంటే, వాష్‌బేసిన్ పగలగొడితే కట్ చేసుకోండి, కాదనం. బిల్లు చూపించండి. చివరి రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి అడ్వాన్స్‌లో సర్దుకోమనడం నాకూ నచ్చదు. కానీ ఇలాంటి కోతలు చూశాకే జనం ఆ దారి పడుతున్నారు.

ఇల్లు వెతుకుతున్నవాళ్ళు అగ్రిమెంటులో పెయింటింగ్ అన్న లైను ఉందేమో చూసి, సంతకానికి ముందే కొట్టేయించండి. దిగిన రోజే గోడలన్నీ వీడియో తీసి ఓనర్‌కి పంపండి. రంగుల బిల్లు చూపించమని నేను పెట్టిన మెసేజ్‌కి ఇంతవరకు జవాబు లేదు. లాయర్‌తో నోటీసు పంపిస్తున్నాను. రావలసిన డబ్బు కోసం దావా వేయడానికి చట్టం మూడేళ్ళు గడువిచ్చింది. నేను వదలను.