క్షమించమనడానికి మీరెవరు?

హాస్టల్లో సీనియర్లు కొట్టారని పిల్లవాడు ఫిర్యాదు చేస్తాడు. గంట తిరక్కుండా ప్రిన్సిపల్ గదిలో పంచాయితీ. కొట్టినవాణ్నీ దెబ్బలు తిన్నవాణ్నీ పక్కపక్కన నిలబెట్టి సారీ చెప్పిస్తారు, చేతులు కలిపిస్తారు, ‘మాలో మేం సర్దుకున్నాం’ అని తెల్లకాగితం మీద రాయించి సంతకాలు తీసుకుంటారు. రిజిస్టర్లో మాత్రం ‘కౌన్సెలింగ్ ఇచ్చాం’ అని ఎక్కుతుంది. ఫీజు వాయిదా వారం దాటితే హాల్‌టికెట్ ఆపే యాజమాన్యాలు క్షమాగుణం గురించి పిల్లలకు నీతులు చెబుతున్నాయి! రావలసిన రూపాయి దగ్గర లేని క్షమ, పిల్లల ఒంటిమీది వాతల దగ్గర ఎక్కణ్నుంచి పుట్టుకొస్తోంది?

పగ మోస్తూ బతికితే పిల్లలకే నష్టం, క్షమ నేర్పితే తప్పేమిటి అనేవారున్నారు. తప్పేమీ లేదు. కానీ దానికో పద్ధతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ రూపొందించిన విధానంలో నాలుగు దశలు. ముందు కోపాన్ని బయటికి రానివ్వాలి: ఏం జరిగింది, నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, పుస్తకం తెరిస్తే ఆ మొహమే కనిపిస్తోందా? క్షమించాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట, అదీ బాధపడ్డవారి ఇష్టం. గాయపరిచినవారిని మనుషులుగా అర్థం చేసుకోవడం మూడోది, పడిన బాధలో తనకంటూ ఒక అర్థం వెతుక్కోవడం చివరిది. ఇందులో ఎక్కడా న్యాయం వదులుకోమని లేదు, వాడితో మళ్లీ స్నేహం చేయమనీ లేదు. కుటుంబంలోనే లైంగిక హింసకు గురైన 12 మంది మహిళలపై 1996లో ఆయన, సుజాన్ ఫ్రీడ్‌మన్ ప్రచురించిన అధ్యయనంలో ఒక్కొక్కరితో విడివిడిగా, వారం వారం కూర్చుంటే సగటున 14 నెలలు పట్టింది. మన ప్రిన్సిపళ్లు పావుగంటలో కానిచ్చేస్తున్నారు.

కోపం వెళ్లగక్కకముందే క్షమించమంటే అది లోపలికే తిరుగుతుంది. ‘నాలోనే ఏదో తప్పుంది’ అని పిల్లలు కుంగిపోతారు. ఆ రాత్రి మళ్లీ అదే డార్మిటరీలో, అదే సీనియర్ పక్క మంచంలో పడుకోవలసిన పిల్లవాడు ‘క్షమించాను’ అన్నాడంటే భయపడ్డాడనే లెక్క. ముందు కొట్టినవాణ్ని అక్కణ్నుంచి కదిలించాలి. అదే రోజు తల్లిదండ్రులకు చెప్పాలి. నేరమైతే పోలీసులకు చెప్పాలి. కౌన్సెలింగ్ ఆ తర్వాత, ఒంటరిగా, ఎదుటివాడు లేకుండా. క్రమశిక్షణ కమిటీలో ఉన్నవారు కౌన్సెలర్‌గా కూర్చోకూడదు. శిక్ష వేసే మనిషికి మనసు విప్పే పిల్లలుండరు.

విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిస్తూ, వంద మందికి తగ్గకుండా విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలంది. ఖాళీ పీరియడ్ ఉన్న ఫిజిక్స్ లెక్చరర్ అందుకు పనికిరాడని వేరే చెప్పాలా? మైనర్ విద్యార్థినిపై ఉపాధ్యాయుడి లైంగిక వేధింపు కేసును రాజీ కుదిరిందంటూ రాజస్థాన్ హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే పక్కన పెట్టింది. కన్నతండ్రి కుదుర్చుకున్న రాజీకే చెల్లుబాటు లేనప్పుడు, ప్రిన్సిపల్ రాయించిన కాగితానికి విలువెక్కడిది? పైగా పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన అలాంటి నేరాన్ని పోలీసులకు చెప్పడం తప్పనిసరి. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు. ఉమ్మడి రాష్ట్రపు 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టమైతే, ఫిర్యాదును తొక్కిపెట్టిన సంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినవాడిగానే చూస్తుంది.

ఇన్ని చట్టాలున్నా క్షమించాల్సింది మాత్రం ఎప్పుడూ దెబ్బలు తిన్న పిల్లలే. ఇంటర్ బోర్డు, విద్యాశాఖ అధికారులు ఆ కౌన్సెలింగ్ రిజిస్టర్లు తెప్పించుకుని చూడాలి. ఒకే తేదీన, ఒకే పేజీలో కొట్టినవాడి సంతకమూ దెబ్బలు తిన్నవాడి సంతకమూ కనిపిస్తే, రాయించినవారి మీద కేసు పెట్టాలి. తనిఖీకి వచ్చి, టీ తాగి, మరుగుదొడ్లు లెక్కపెట్టి వెళ్లిపోయే ఉద్యోగం ఇక చాలించండి.