ఫ్రియులి చెప్పే అసలు సంగతి

ఇటలీ ఈశాన్య మూలన, ఆల్ప్స్ పర్వతాలు మైదానంలోకి దిగే చోట ఉన్న ఫ్రియులి ప్రాంతాన్ని 1976 మే 6 రాత్రి 9 గంటలకు సుమారు 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపం నేలమట్టం చేసింది. దాదాపు 990 మంది ప్రాణాలు కోల్పోయారు, లక్ష మందికి పైగా నిలువ నీడ లేనివారయ్యారు. ఆడ్రియాటిక్ ఫలకం (ఆ సముద్రం కింది భూఫలకం) ఉత్తర దిశగా జరుగుతూ ఆల్ప్స్‌ను నెడుతున్నంత కాలం అక్కడ భూమి కంపించక తప్పదు. అయితే ప్రాణనష్టం అంతగా పెరగడానికి కారణం పాత ఇళ్ల గోడలు. నదిలోని గుండ్రాళ్లను బలహీనమైన సున్నంతో పేర్చి లేపిన ఆ మందపాటి గోడలకూ, వాటి మీద ఆనించిన దూలాలకూ మధ్య గట్టి బంధం లేకపోయింది. 1993లో లాతూరు జిల్లా కిల్లారిలో మట్టితో పేర్చిన రాతిగోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలినప్పుడు మన దక్కను చవిచూసిందీ ఇలాంటి విషాదాన్నే.

ఫ్రియులి పునర్నిర్మాణాన్ని అక్కడి ప్రజల కష్టించే స్వభావం సాధించిన అద్భుతంగా చెప్పుకోవడం పరిపాటి. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, అది సగం కథే. మే నెల విలయం తర్వాత బాధితులు తాత్కాలిక నివాసాలు వద్దని, డేరాల నుంచి నేరుగా ఇళ్లకే వెళతామని పట్టుబట్టారు. సెప్టెంబరు 11, 15 తేదీల్లో భూమి మళ్లీ బలంగా కంపించి, అప్పటికే బీటలు వారిన వెన్జోనె పట్టణ ప్రధాన చర్చిని కూల్చివేసింది. చలికాలం ముంచుకొస్తుండగా ప్రభుత్వ ప్రత్యేక కమిషనర్ జుసెప్పె జాంబెర్లెత్తి వేలాది కుటుంబాలను గ్రాదో, లిన్యానో వంటి సముద్రతీర విహార పట్టణాల హోటళ్లకు తరలించి, ఈలోగా స్వస్థలాల్లో తాత్కాలిక గృహాలు సిద్ధం చేయించారు. మొదట పట్టుబట్టిన జనమే ఊరు విడిచి వెళ్లడానికి ఒప్పుకున్నారంటే, తిరిగి రావడం ఖాయమన్న నమ్మకం వారికి కుదరబట్టే.

ఆ నమ్మకానికి ఆధారం అధికారాల బదిలీ. రోములోని కేంద్ర ప్రభుత్వం నిధులిచ్చింది. వాటిని ఎక్కడ, ఎలా ఖర్చు చేయాలో ప్రాంతీయ ప్రభుత్వమూ, పురపాలక సంఘాల మేయర్లూ నిర్ణయించారు. ముందు కర్మాగారాలు, తర్వాత ఇళ్లు, ఆ తర్వాతే చర్చిలు అన్నది వారి వరుస. భక్తి మెండుగా ఉన్న నేల మీద ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. అలాగని చర్చిని వదిలేయలేదు: వెన్జోనెలో కూలిన రాళ్లను ఏరి, అంకెలు వేసి, పొలంలో వరుసగా పరిచి, ఏ రాయి స్థానం ఏదో తేల్చుకుంటూ తిరిగి పేర్చారు. 1995లో ఆ కట్టడం మళ్లీ తెరుచుకుంది. ఫ్రియులిలోని ఉదినె నగరంలో 1978లో ఏర్పడిన విశ్వవిద్యాలయమూ పునర్నిర్మాణ చట్టం ఫలమే.

ఈ అనుభవమంతా చేతిలో ఉండి కూడా, 2009లో మధ్య ఇటలీలోని లాక్విలా నగరం భూకంపానికి కూలినప్పుడు ఇటలీ ప్రభుత్వం నిర్ణయాలను కేంద్రం గుప్పిట్లోనే పెట్టుకుంది. నగర శివార్లలో కొత్త గృహ సముదాయాలు నెలల్లోనే లేచాయి. పాత నగరం నడిబొడ్డు మాత్రం ఏళ్ల తరబడి జనం లేక బావురుమంది.