సైన్సు అంటకుండా సైన్సు క్యాంపు

వేసవి సైన్సు క్యాంపు ఫ్లెక్సీ మీద లెక్క ఖచ్చితంగా ఉంది. 10 రోజులు, 30 ప్రయోగాలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు. అంటే రోజుకు మూడు. సముద్రం నీలంగా ఎందుకుందని 1921లో ఓడ ప్రయాణంలో పట్టుకున్న అనుమానం సి.వి. రామన్‌ను 1928 దాకా వదల్లేదు. పాపం, ఆయనకు క్యాంపు కోఆర్డినేటరు లేడు.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు ఉన్న ముప్పు ఒక్కటే, పొరపాటున పిల్లలకు సైన్సు అంటుకోవడం. ఆ ముప్పు ఎక్కడెక్కడ పొంచి ఉందో నిర్వాహకుల మేలు కోరి విన్నవించుకుంటున్నాం.

మొదటి రోజు అగ్నిపర్వతం తప్పదు. అరలీటరు సీసా చుట్టూ బంకమట్టి మెత్తుతారు. లోపల టీస్పూను తినే సోడా, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, కాస్త ఎర్ర రంగు వేసి వెనిగర్ పోస్తారు. నురగ పొంగుతుంది, పిల్లలు కేకలు పెడతారు, ఫొటోలు వాట్సాప్‌కు ఎక్కుతాయి. అక్కడితో ఆపేయాలి. లెక్కలోకి దిగితే అంతే సంగతులు. టీస్పూను సోడా అంటే సుమారు 5 గ్రాములు. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో ఆమ్లం 4 శాతమే ఉంటే, ఆ సోడా అంతా ఖర్చవడానికి 90 మిల్లీలీటర్లు పోయాలి. అప్పుడు దగ్గర దగ్గర లీటరున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండు మూతలు పోసి ఊరుకుంటే అడుగున సోడా తెల్లగా మిగిలిపోతుంది. "సోడా ఇంకా ఉందిగా, పొంగు ఎందుకాగింది?" అని ఒక బుడతడు అడిగాడా, ఆ పూట గల్లంతే. సోడా పెంచాలా, వెనిగర్ పెంచాలా అని చెంచాలు లెక్కపెడుతూ కూర్చుంటారు. మిగిలిన రెండు ప్రయోగాలూ ఏమైపోవాలి?

కొందరు సోడా అనుకుని బేకింగ్ పౌడరు పట్టుకొస్తారు. అందులో పొడి ఆమ్లం ముందే కలిసి ఉంటుంది కనక వట్టి నీళ్ళకే పొంగుతుంది. వెనిగర్ చేసే పని నీళ్ళెలా చేశాయని ఎవరికైనా అనుమానం వచ్చేలోగా ట్రే తీసేయండి.

అన్నిటికంటే ప్రమాదం, సీసాను ముట్టుకోనివ్వడం. ఈ చర్య వేడిని లాక్కుంటుంది కాబట్టి సీసా చల్లబడుతుంది. "లావా చల్లగా ఉందేంటి సార్?" అన్న ప్రశ్నకు బ్రోషరులో జవాబు లేదు. అసలు లావాకు సోడాతో సంబంధం లేదని, భూమి లోపల కరిగిన రాతిలో ఇరుక్కున్న వాయువులు దాన్ని పైకి నెడతాయని ఒప్పుకోవాల్సి వస్తుంది. మన దేశంలో ఉందా అంటారు. అండమాన్‌లో బారెన్ ద్వీపం ఉందనాలి. ఆ ఊపులో, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా గడ్డకట్టిన నల్లరాయి మన కొవ్వూరు పక్కన పంగిడి క్వారీల్లోనే ఉందని నోరు జారారో, ఆ పిల్లాడు బంకమట్టి కొండను వదిలేసి రోడ్డు పక్కన కంకర ఏరుకుంటాడు. తల్లిదండ్రులు ఫీజు కట్టింది కంకర ఏరుకోవడానికా?

రెండో రోజు నిమ్మకాయ బ్యాటరీ. మే నెలలో నిమ్మకాయ ధర తెలిసినవాళ్ళెవరూ దీన్ని చవక ప్రయోగం అనరు. జింకు పూత ఉన్న మేకు ఒకటి, పైతొడుగు ఒలిచిన రాగి తీగ ముక్క ఒకటి, ఒకదానికొకటి తగలకుండా కాయలో గుచ్చాలి. కాయకు సుమారు 0.9 వోల్టు. ఎర్ర ఎల్‌ఈడీకి 1.8 దాకా కావాలి. రెండు కాయలతో సరిపోవాలి కదా అనిపిస్తుంది, సరిపోవు. కాయ ఇచ్చే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు కూడా ఉండదు, ఎల్‌ఈడీ తగిలించగానే వోల్టేజి జారిపోతుంది. నాలుగు కాయలు వరసగా పెట్టి, ఒకదాని రాగిని పక్కదాని మేకుకు కలుపుతూ పోవాలి. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు కావాలి, దాని జోలికి పోకండి.

ఇది చెడిపోవడానికి ఉన్నన్ని దారులు ఇంక దేనికీ లేవు. ఎల్‌ఈడీ పొడుగు కాలు రాగి వైపు లేకపోతే వెలగదు. కాయను ముందు అరచేతి కింద నొక్కి దొర్లించకపోతే తొనల పొరలు అడ్డొస్తాయి. కొట్టువాడు పూత లేని ఉత్త ఇనుప మేకులిస్తే వోల్టేజి బాగా పడిపోతుంది. అన్నీ కుదిరి వెలిగినా పట్టపగలు కనపడదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి.

వెలగని దీపం ముందు ఒక పదేళ్ళ పిల్ల మొండిగా కూర్చుని, ఒక్కో తీగా పీకి, మళ్ళీ గుచ్చి, చివరికి మూడో కాయ మేకు మార్చాక వెలిగించిందనుకోండి. అప్పటికి ఫొటోగ్రాఫరు వెళ్ళిపోయి ఉంటాడు. నష్టం అక్కడితో ఆగదు. మర్నాడు బంగాళాదుంప తెస్తుంది. రెండు వైపులా రాగే గుచ్చి, ఏమీ రావడం లేదేమని నిలదీస్తుంది. శక్తి కాయది కాదు, అరిగిపోతున్న జింకుదని తనే తేల్చేస్తుంది. "నిమ్మకాయలో కరెంటు!" అని అచ్చేయించిన బ్యానరు సంగతేమిటి? అందుకే తలపండిన నిర్వాహకులు టేబుల్ గుడ్డ కింద 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ దాచి రెండు తీగలు పైకి లాగుతారు. అందరి కాయలూ ఠంచనుగా వెలుగుతాయి, క్రమశిక్షణ దెబ్బతినదు.

జిగురులో వెలిగారం కలిపి చేసే స్లైమ్‌తో పేచీ లేదు, సాగుతుంది, ఎవరూ ఏమీ అడగరు. కాకపోతే వెలిగారం తెమ్మంటే క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు తెచ్చేవాళ్ళుంటారు. దాంతో జిగురు జిగురుగానే ఉండిపోతుంది. చిటికెడు తినే సోడా వేస్తే క్షారం అంది అప్పుడు ముద్ద కడుతుంది. వెలిగారం, బోరిక్ పౌడరు రెండూ కడుపులోకి పోకూడనివే, చేతులు కడిగించండి. ఈ ఒక్కటీ వ్యంగ్యం కాదు.

రంగులు మారే ప్రయోగానికి ఎర్ర క్యాబేజీయే కొనండి, రశీదుకు ఘనంగా ఉంటుంది. పసుపు జోలికి వెళ్ళారో కొంప మునుగుతుంది. పసుపు నీళ్ళలో కాగితం ముంచి నీడన ఆరబెట్టి, సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసం పడితే తిరిగి పచ్చబడుతుంది. పిల్ల ఇంటికెళ్ళి ఈ వింత చెబితే అమ్మమ్మ, "ఓసి పిచ్చిదానా, దిష్టి తీసే ఎర్రనీళ్ళేగా అవి! పారాణీ అంతే" అంటుంది. పప్పు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడేది ఎందుకో అప్పుడు వాళ్ళమ్మకు తడుతుంది. సున్నంలోనూ సబ్బులోనూ ఉన్న క్షారం సంగతి మూడు తరాలకు ఒక్క సాయంత్రంలో తెలిసిపోతే, పై ఏడు క్యాంపుకు ఎవరొస్తారు?

ఇక ఆకాశం నుంచి వచ్చే ముప్పు. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే నీడలేని రోజు ఏప్రిల్ చివర్లో కుప్పం వైపు మొదలై, మే 6 ప్రాంతంలో విజయవాడ, మే 9న హైదరాబాద్ దాటి, మూడో వారానికి ఆదిలాబాద్ చేరుతుంది. ముహూర్తం పెట్టినట్టు సరిగ్గా క్యాంపుల సీజన్లోనే. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన గొట్టానికి పక్కన నీడ పడదు. కిట్టు లేదు, ఖర్చు లేదు, కాబట్టి రశీదూ లేదు. సరిగ్గా పన్నెండుకే ఎందుకు కాదని ఎవరో అడుగుతారు. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర, డిగ్రీకి 4 నిమిషాలు అని చెబుతారు. "అప్పుడు 16 రావాలిగా, 12 ఏంటి?" అంటాడు వాడు. మిగతా నాలుగు నిమిషాల కోసం భూమి కక్ష్య, దాని వంపు అన్నీ విప్పాలి. పది రోజులూ దానికే సరి.

కాబట్టి మే 9న 12 నుంచి 12.30 దాకా బ్లైండ్లు దించి, ఏసీ వేసి, జ్యూసు బ్రేక్ ఇచ్చేయండి. జ్యూసు మాత్రం గ్లాసుల్లోనే పోయండి. స్ట్రా ఇస్తే, పీల్చినప్పుడు రసం పైకెందుకొస్తుందని అడిగేవాడు బ్యాచికి ఒకడుంటాడు.