ఉన్న డిస్కు లేదంది

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని, ఆదివారం టిఫిన్ కాగానే దానికి ఫార్మాట్ కొట్టడానికి కూర్చున్నాను. గంటలో అయిపోతుందని మా ఆవిడకు మాటిచ్చాను. అదీ నేను చేసిన పొరపాటు.

టీవీ కింద సొరుగులో ఎర్ర పెన్‌డ్రైవ్ ఒకటి దొరికింది, 16 జీబీ. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్లోకి విండోస్ ఎక్కిస్తుంటే, ఉన్నవన్నీ పోతాయనో ఏదో హెచ్చరిక వచ్చింది. అలాంటివి చదువుతూ కూర్చుంటే పనులవుతాయా! ఓకే కొట్టాను.

సెటప్ మొదలైంది. భాష అడిగింది, చెప్పాను. షరతులకు ఒప్పుకోమంది, ఒప్పుకున్నాను. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో చూపించాల్సిన చోట మాత్రం ఖాళీ పెట్టె. డ్రైవ్‌లేవీ కనబడలేదట, స్టోరేజ్ డ్రైవర్ (డిస్కును విండోస్‌కి పరిచయం చేసే చిన్న ప్రోగ్రాం) ఇవ్వాలంటే 'లోడ్ డ్రైవర్' నొక్కాలట.

"రాత్రి దాకా దాన్లోనే సినిమా చూశారుగా, డిస్కు ఎక్కడికి పోతుందండీ?" అంది మా ఆవిడ.

అమీర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను.

"ఎక్కడికీ పోలేదు బావా. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అని డిస్కుల్ని చూసుకునే ఏర్పాటు ఒకటుంటుంది. డిస్కు దాని చాటున ఉంటుంది. ఆ డ్రైవర్ ఇస్తే గానీ సెటప్‌కి కనబడదు."

చుట్టాలొస్తే తల్లి కొంగు చాటున నక్కే పిల్లాడన్నమాట. మరి ఆ డ్రైవర్ ఎక్కడుందయ్యా అంటే, కనబడని ఆ డిస్కులో ఉన్న పాత విండోస్‌లో ఉంది. కళ్లజోడు వెతకడానికి కళ్లజోడు కావాలి!

ఇంకా ఏదీ చెరపలేదు కాబట్టి పాత విండోస్‌లోకే వెళ్లి, డ్రైవర్ దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసి మళ్లీ వచ్చాను. సంతకం ఉన్న డ్రైవర్లేవీ లేవంది. నాకు మండల ఆఫీసు గుర్తొచ్చింది.

"ఈఎక్స్‌ఈ ఫైలు అలాగే పెట్టావా? మూట విప్పకుండా ఇస్తే అదేం తింటుంది బావా! దాన్ని విప్పి, ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్ ఫైళ్లున్న ఫోల్డరు చూపించాలి."

అంత ఓపిక ఎవరికుంది? విండోస్ కంటే ముందే లేచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి వీఎండీనే ఆపేశాను. డిస్కు ఠక్కున ప్రత్యక్షమైంది. అంతా చెరిపేద్దామని వేలెత్తానో లేదో, "చీటీ లెక్కలు తీసి పెట్టారా?" అని వంటింట్లోంచి వినబడింది.

తీయలేదు. రీస్టార్ట్ చేస్తే నీలం తెర. 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అట. వీఎండీ ఉన్న రోజుల్లో ఎక్కించిన విండోస్ కదా, అది లేకపోయేసరికి సొంత డిస్కునే గుర్తుపట్టలేదు. ఏడాదిగా కట్టిన చీటీలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"వీఎండీ మళ్లీ ఆన్ చెయ్యి, అంతే," అన్నాడు బావమరిది, ఆవులిస్తూ. చేశాను, పాత విండోస్ లేచి కూర్చుంది. లెక్కలు నాకు నేనే మెయిల్ చేసుకుని, ఈసారి బుద్ధిగా మూట విప్పి డ్రైవర్ ఇచ్చాను. డిస్కు వచ్చింది. 512 జీబీ అని కొన్నది 476 అని చూపించింది. పొద్దుటి నుంచి అసలు లేనే లేనన్న దానితో ఆ కాస్తకీ బేరమాడబుద్ధి కాలేదు.

"పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అయితే ఇలాంటి డ్రైవర్ ఇవ్వడానికి ఎఫ్6 నొక్కాలి బావా. తెర అడుగున అది నొక్కమనే లైను ఉండేది కొన్ని సెకన్లే. డ్రైవరేమో ఫ్లాపీలోంచే రావాలి. మనం టీ గ్లాసు అందుకునేలోపు లైను పోయేది, మళ్లీ మొదటి నుంచి," అని వాడు తన కష్టాలు చెబుతుండగా సాయంత్రం అయిదుకి కొత్త విండోస్ నవనవలాడుతూ లేచింది.

"నీ ఫీజెంతరా?" అన్నాను, ఉదారంగా.

"ఛ, ఫీజేంటి బావా! నాన్న షష్టిపూర్తి వీడియో అక్క దగ్గరే ఉందటగా, ఎర్ర పెన్‌డ్రైవ్‌లో. నాకో కాపీ పంపించు చాలు."