కడలి రొదకు లెక్కేది?

నివాస ప్రాంతాల్లో చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అమలు సంగతి పెళ్లి ఊరేగింపుల డీజేలనే అడగాలి. అయినా గీత అంటూ ఒకటుంది. ఆ నియమాల్లోని పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్ద ప్రాంతాలన్నీ నేల మీదివే. విశాఖ, గంగవరం, కాకినాడ రేవులకు రాత్రింబవళ్లు ఓడలు వచ్చిపోతూనే ఉంటాయి. వాటి కింద నీళ్లలో ఎంత రొద ఉందో ఏడాది పొడవునా కొలిచి, ఆ లెక్క జనం ముందు పెట్టాలని మేము కోరుతున్నాం. అదీ రేవులు ఇంకా పెరగకముందే.

ఈ తొందర ఎందుకో తెలియాలంటే కాలిఫోర్నియా వైపు చూడాలి. శాన్ నికోలస్ దీవికి పడమట సముద్రపు చప్పుడును 1960లలో అమెరికా నేవీ తన అవసరాల కోసం నమోదు చేసింది. 2003-04లో శాస్త్రవేత్తలు అదే చోట మళ్లీ కొలిచారు. సెకనుకు 30-50 కంపనాలుండే (30-50 హెర్ట్జ్) మంద్ర స్వరాల్లో రొద 10 నుంచి 12 డెసిబెల్స్ పెరిగింది. 10 డెసిబెల్స్ పెరగడమంటే తీవ్రత పది రెట్లు కావడం. దూరాన పోయే పెద్ద ఓడల మోత బాగా వినిపించేది ఈ మంద్ర స్వరాల్లోనే. నీలి తిమింగలాలు పిలుచుకునేదీ ఇంచుమించు అక్కడే; ఓడల మోతలో ఆ పిలుపు మునిగిపోవచ్చు. పాత రికార్డు లేకుంటే ఈ పెరుగుదల ఎవరికీ తెలిసేది కాదు. నలభై ఏళ్ల కిందటి సముద్రాన్ని ఇప్పుడు వెళ్లి కొలవలేం కదా!

నీటిలో చప్పుడు వినే మైకు హైడ్రోఫోన్‌ను తాడు కట్టి నీళ్లలోకి వదిలితే పని అయిపోదు. తాడు అదిరినా, ఆటుపోట్ల నీరు ఒరుసుకుపోయినా చప్పుడుగానే నమోదవుతుంది. లోతు తక్కువున్న వెచ్చని నీళ్లలో కొండితో చిటికెలు వేసే ఒక జాతి రొయ్యలు రికార్డంతా చిటపటలతో నింపేస్తాయి. గాలి, వాన సరేసరి. ఇంకో మాట. నీటిలో డెసిబెల్‌కు కొలమానం వేరు. అక్కడి అంకెను తెచ్చి విమానం మోతతో పోల్చి హెడ్డింగులు పెట్టడం మా పత్రికలతో సహా ఎవరికీ తగదు.

కొలిచే తీరును బట్టి జవాబు ఎలా మారుతుందో కెనడాలోని వాంకూవర్ రేవు అనుభవం చూపించింది. ఎనభై కూడా లేని ఓర్కాల (కిల్లర్ వేల్స్) గుంపు కోసం 2017లో అక్కడికి దగ్గర్లోని హారో జలసంధిలో ఓడలను 11 నాట్లకు (గంటకు సుమారు 20 కిలోమీటర్లు) వేగం తగ్గించమని కోరారు. బలవంతం లేదు. వేగం తగ్గితే ప్రొపెల్లర్ దగ్గర బుడగలు పుట్టి పగలడం తగ్గుతుంది, మోత పడిపోతుంది. రికార్డు మొత్తం లెక్కేస్తే తగ్గింది 1.2 డెసిబెల్స్. చిన్న పడవల చప్పుడు, గాలి, నీటి ఒరవడి ప్రభావం తీసేస్తే 2.5. మొదటిది తీవ్రతలో సుమారు పావు వంతు తగ్గుదల, రెండోది దాదాపు సగం. ఏ అంకె ఎలా వచ్చిందో విప్పి చెప్పారు కాబట్టే నమ్మకం కుదిరింది.

యూరప్ 63, 125 హెర్ట్జ్ స్వరాలను ఓడల రొదకు గుర్తుగా ఎంచుకుని నిఘా పెట్టింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో ఇచ్చి, 2023లో సవరించిన, ఓడల రొద తగ్గించే మార్గదర్శకాలు మాత్రం ఐచ్ఛికమే. మనకు పరిజ్ఞానం లేదనడానికి వీల్లేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మన తీరాల్లో ఈ కొలతలు తీసిందే. విశాఖలో నేవీ కోసం పనిచేసే పరిశోధనశాలే ఉంది.

భద్రత, గోప్యత అడ్డొస్తాయని అనవచ్చు. ఏ ఓడ ఎప్పుడు ఎలా మోగిందో ఎవరూ అడగడం లేదు. యూరప్ ఎంచుకున్న ఆ 63, 125 హెర్ట్జ్ స్వరాల్లో నెలవారీ లెక్కలు, పరికరం ఎక్కడ ఎంత లోతున ఉందో, దాన్ని ఎప్పుడు సరిచూశారో చెబితే చాలు. రేవు విస్తరణకు పర్యావరణ అనుమతి అడిగేవారు గాలి, నీరు, నేల మీది చప్పుడు కొలిచి చూపిస్తున్నారు. నీటి అడుగు చప్పుడుకూ అన్ని రుతువులూ కలిసొచ్చేలా ఒక ఏడాది రికార్డు ఆ ఫైలులో ఉండాలి.